షెల్టర్ పని ఎక్కడిదాకా వచ్చింది: ప్రాజెక్టు డైరీ

ఇల్లు దొరకకముందే ఫోన్ మోగింది

ఇంట్లో హింస నుంచి తప్పించుకుని వచ్చే ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు తలదాచుకోవడానికి మేం పెడుతున్న షెల్టర్ ఇది. ముందు హెల్ప్‌లైన్, తర్వాతే ఇల్లు అని కమిటీలో నేను పట్టుబట్టాను. ఈ వరస నేను కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో కొందరు ఆడవాళ్లు 1972లో న్యాయ సలహాల కోసం ఒక ఫోన్ లైన్ పెట్టారు. ఫోన్ చేసినవాళ్లలో చాలామందికి సలహా కంటే ముందు ఆ రాత్రి తలదాచుకునే చోటు కావాల్సి వచ్చింది. వలంటీర్లు తమ ఇళ్లలోనే పక్కలు వేసి, చివరికి 1974లో ‘విమెన్స్ అడ్వకేట్స్’ పేరుతో ఒక ఇల్లు తెరిచారు. అదే ఏడాది మార్చిలో సిడ్నీలో ఆడవాళ్లు ఖాళీగా పడున్న రెండు ఇళ్లలోకి జొరబడి ‘ఎల్సీ’ అనే షెల్టర్‌ని మొదలుపెట్టారు. అంతకుముందే, 1971లో, లండన్‌లోని చిస్విక్‌లో ఎరిన్ పిజ్జీ మొదలుపెట్టిన చోటు కొద్దికాలానికే కిక్కిరిసిపోయింది. ఈ మూడు చోట్లవాళ్లూ ప్లాను గీసి తలుపు తీసినవాళ్లు కాదు. తలుపు తట్టినవాళ్లను చూసి ప్లాను గీసుకున్నవాళ్లు.

ఫోన్ మాకు కూడా అదే పని చేసిపెట్టింది. కమిటీ మనసులో ఉన్నది పెద్ద హాలు, వరసగా మంచాలు. ఫోన్ చేసేవాళ్లు అడుగుతున్నవి వేరు. ‘మా అబ్బాయికి పధ్నాలుగేళ్లు, వాణ్ని రానిస్తారా?’ ‘అమ్మ చక్రాల కుర్చీలో ఉంటుంది, మెట్లున్నాయా?’ ‘చంటిది రాత్రంతా ఏడుస్తుంది, పక్కవాళ్లు ఏమైనా అంటారా?’ ఇలాంటి ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తూ పోయాం. ఇల్లు చూడ్డానికి బయల్దేరినప్పుడు ఇంజనీరు గారికి ఇచ్చిన స్పెసిఫికేషన్ ఆ నోట్‌బుక్కే.

ఇళ్లు చూడ్డం

చూసిన ఇళ్లలో చాలావాటిని వాకిట్లోంచే కాదనుకున్నాం. ఒకే గుమ్మం ఉన్న ఇల్లు వద్దు, ముందు ఎవడైనా నిలబడితే వెనక నుంచి పోయే దారి ఉండాలి. ఊరికి దూరంగా, ప్రశాంతంగా ఉన్న ఇల్లు ఫొటోలో బాగుంటుంది. కానీ అక్కణ్నుంచి ఉద్యోగానికీ బడికీ కోర్టుకీ ఆస్పత్రికీ వెళ్లడానికి బస్సు ఉండదు. అలాంటి చోట పెడితే ఆమెను మనం దాచినట్టు కాదు, కట్టేసినట్టు.

నచ్చిన ఇంటికి కిటికీలన్నిటికీ గట్టి ఇనుప చువ్వలు. కమిటీకి అదే బాగా నచ్చింది. అగ్నిమాపక అధికారి వచ్చి చూసి, మంటలొస్తే ఈ గదుల్లోవాళ్లు ఎటు దూకుతారని ఒక్క మాట అడిగారు. ప్రతి పడకగదిలో ఒక కిటికీకి లోపలి నుంచి తెరుచుకునే చువ్వల తలుపు పెట్టించాలని తేలింది. దానికి బయటి నుంచి చెయ్యి పెట్టి తీయలేని గడియ ఉండాలి. వెల్డర్ మూడు రకాలు చేసి చూపించాడు. మూడోదాన్ని మా వాళ్లలో అందరికంటే పొట్టి మనిషి చేత చీకట్లో తీయించి చూశాకే ఒప్పుకున్నాం.

కెమెరాలు గేటు మీద, వెనక సందు మీద ఉంటాయి. లోపల ఎక్కడా ఉండవు, హాల్లో కూడా. దీని మీద వాదన పెద్దదే జరిగింది. రోజంతా ఒకడి చూపు కింద బతికిన మనిషికి భద్రత పేరుతో ఇంకో కన్ను పెట్టడం నాకు ఇష్టం లేదు. నెగ్గాను.

చిరునామా

ఉత్తరాలు, బిల్లులు, బడి రికార్డులు అన్నీ వేరే ఆఫీసు చిరునామాకే వస్తాయి. ఇంటి ముందు బోర్డు లేదు. కరెంటు మీటరు పేరు చూసి ఎవరూ ఏమీ ఊహించలేరు. కమిటీ సభ్యుల్లో కూడా పనున్నవాళ్లకే ఇల్లెక్కడో తెలుసు. ప్లంబరు, గ్యాస్ తెచ్చే అబ్బాయి, ఆటో డ్రైవరు వీళ్లందరికీ ఏం చెప్పాలో, వాళ్ల చేత ఏ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలో ముందే రాసుకున్నాం.

ఇంత చేసినా రహస్యం శాశ్వతంగా నిలవదని నాకు తెలుసు. పిల్లలు బడిలో చెప్తారు, చుట్టుపక్కలవాళ్లు గమనిస్తారు. రహస్యం ఖరీదు కూడా ఆమే కట్టాలి. అక్క రాకూడదు, స్నేహితురాలు రాకూడదు, తన ఇల్లెక్కడో తానే ఎవరికీ చెప్పకూడదు. నెదర్లాండ్స్‌లో ‘ఆరెంజ్ హౌస్’ అనే పద్ధతి ఉంది. అక్కడ చిరునామా దాచరు, కాపలా మాత్రం గట్టిగా ఉంటుంది, కుటుంబసభ్యులను కూడా సహాయంలో భాగం చేస్తారు. అందుకు పోలీసుల నుంచి నమ్మకమైన మద్దతు కావాలి, ప్రాణాపాయం ఎక్కువున్నవాళ్లకు వేరే చోటూ చూడాలి. మాకు ప్రస్తుతానికి ఆ రెండూ లేవు కాబట్టి రహస్యమే. చూడ్డానికి వచ్చే బంధువులను కలవడానికి మాత్రం ఆ వేరే ఆఫీసులో ఒక గది ఏర్పాటు చేశాం.

తాళాలు

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ బుర్ర పెట్టింది తాళాల మీదే. సూత్రం ఒక్కటే: బయటివాళ్లు లోపలికి రాలేకపోవాలి, లోపలివాళ్లు ఎప్పుడంటే అప్పుడు బయటికి పోగలగాలి. వినడానికి తేలిక. తాళాలవాడి దగ్గరికి వెళ్తే రెండు వైపులా తాళంచెవి పడేవే చూపిస్తాడు, ‘హాస్టళ్లన్నీ ఇవే తీసుకుంటాయి మేడమ్’ అంటాడు. వద్దన్నాం. బయటి తలుపులన్నిటికీ లోపల చేత్తో తిప్పితే తెరుచుకునే రకమే బిగించాం. ప్రతి కుటుంబానికీ ఒక గది, ఆ గదికి తాళం, తాళంచెవి ఆమె దగ్గరే. డూప్లికేట్లు ఇంట్లోని ఆఫీసు గదిలో సీలు వేసిన కవర్లలో ఉంటాయి. కవరు చింపితే ఎవరు, ఎందుకు, ఏ టైముకి అన్నది రాసి, ఆ విషయం ఆమెకి చెప్పాలి.

మందుల విషయంలోనూ అదే పద్ధతి. మందులన్నీ స్టాఫ్ దగ్గర పెట్టి పూటపూటా లెక్కపెట్టి ఇచ్చే షెల్టర్లున్నాయి. ఇక్కడ గదికో చిన్న ఇనప్పెట్టె పెట్టి తాళంచెవి ఆమెకే ఇచ్చాం, పిల్లల చేతికి అందకుండా గోడకి ఎత్తులో బిగించాం.

వంటగదికి తాళం లేదు. మొదటి వారంలో రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు ఒకావిడ ఆఫీసు గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘అక్కా, వంటగదిలోకి వెళ్లొచ్చా?’ అని అడిగింది. పాపకి పాలు కాచాలట. గిన్నె చేతిలోనే ఉంది. అడగక్కర్లేదమ్మా అన్నాను. సరేనంది. మర్నాడు రాత్రి మళ్లీ వచ్చి అదే అడిగింది. వారం పైన పట్టింది ఆవిడ అడగడం మానెయ్యడానికి. మానేసిన రోజు రిజిస్టర్‌లో రాసుకోవాలనిపించింది, కానీ అలాంటి సంగతులకి మా ఫారంలో గడి లేదు.

నియమాల కాగితం

వేరే హాస్టళ్ల నియమాలు తెచ్చి కమిటీ ముందు పెట్టారు. నిద్ర లేచే టైము, లైట్లు ఆర్పే టైము, ఫోన్ వాడే టైము, బయటికి వెళ్తే ఎక్కడికో రాయాలి, పిల్లలు అల్లరి చేస్తే హెచ్చరిక, మూడు హెచ్చరికలైతే ఖాళీ చేయాలి. చదువుతుంటే ఆ ఆడవాళ్లు వదిలేసి వచ్చిన ఇళ్ల సంగతే గుర్తొచ్చింది. తేడా ఒక్కటే, అక్కడ ఇవి కాగితం మీద ఉండవు.

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని షెల్టర్లు కొన్ని ఇలాంటి నియమాలను తగ్గించుకుంటూ వచ్చాయి. వాళ్ల అనుభవంలో కొంప మునిగిపోలేదు సరే, స్టాఫ్‌కి పోలీసు పని తగ్గి అసలు పనికి టైము దొరికింది. మేం అర పేజీకి దించాం. ఎవరి మీదా చెయ్యి చేసుకోకూడదు, పిల్లల మీద కూడా. ఇల్లెక్కడో, ఇక్కడ ఎవరున్నారో బయట చెప్పకూడదు. పిల్లల్ని పెద్దతోడు లేకుండా వదిలి వెళ్లకూడదు. ఆయుధాలు తేకూడదు. రాత్రి రాలేకపోతే ఫోన్ చేయమని అడుగుతాం, అదీ మాకు కంగారు కాబట్టి. తాగి వస్తే గెంటెయ్యం, పడుకోబెడతాం, పొద్దున మాట్లాడతాం.

గిన్నెలు తోమే వంతుల గొడవ మాత్రం ఏ కాగితంతోనూ తీరలేదు. తీరుతుందన్న ఆశ కూడా లేదు. వారానికోసారి ఇంట్లో ఉంటున్నవాళ్లే కూర్చుని పంచుకుంటారు, మరుసటి వారం మళ్లీ పోట్లాడుకుంటారు. ఇది మామూలు ఇళ్లలో జరిగే పోట్లాటే. పోట్లాడటానికి భయపడకపోవడం నాకు మంచి లక్షణంగానే కనబడుతోంది.

వచ్చిన రాత్రి ఏం అడగాలి

పాత ఇన్‌టేక్ ఫారం, అంటే చేరేటప్పుడు నింపేది, చాలా పొడుగు. రాత్రి పన్నెండింటికి పిల్లను భుజాన వేసుకుని వచ్చిన మనిషిని పెళ్లి తేదీ అడుగుతుంది అది. దాన్ని రెండుగా విడగొట్టాం. ఆ రాత్రికి కొన్నే ప్రశ్నలు: దెబ్బలున్నాయా, ఏవైనా మందులు వేసుకోవాలా, పిల్లలంతా నీతోనే ఉన్నారా, ఎవరైనా వెంబడించారా, నువ్విక్కడున్నట్టు ఎవరికి తెలుసు. మిగతావన్నీ నిద్రపోయి లేచాకే.

ఆ రాత్రే తప్పకుండా అడగాల్సిన ఇంకో ప్రశ్న, గొంతు నులిమాడా అన్నది. చాలామంది తమంతట తాము చెప్పరు, ‘మెడ పట్టుకున్నాడు’ అని తేలిగ్గా దాటేస్తారు. పైకి ఒక్క కమిలిన గుర్తు కూడా లేకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కళ్లలో ఎర్ర చుక్కలు, ఆ కాసేపు ఏం జరిగిందో గుర్తు లేకపోవడం, ఇందులో ఏదున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఎందుకంటే లోపలి వాపు కొన్ని గంటలు ఆగి కూడా ఊపిరి ఆపగలదు. 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, అంతకుముందు భాగస్వామి గొంతు నులిమిన ఆడవాళ్లకు హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. రాత్రి డ్యూటీవాళ్ల టేబుల్ మీద అద్దం కింద పెట్టిన కాగితం ఇదొక్కటే.

ముప్పు ఎంతుందో కొలవడానికి నర్సు, పరిశోధకురాలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ 1980ల్లో తయారు చేసిన ప్రశ్నావళి వాడుతున్నాం. ఇప్పుడందులో 20 ప్రశ్నలున్నాయి. నాకు అందులో విలువైనదిగా తోచేది ప్రశ్నల కంటే ముందు పెట్టే క్యాలెండర్. గడిచిన ఏడాది క్యాలెండర్ ఇచ్చి, దెబ్బలు తిన్న రోజులు గుర్తు పెట్టమంటాం. ఒకావిడకి తేదీలు గుర్తు రాలేదు, పిల్లాడి పరీక్షలతో లెక్క కట్టింది. లెక్కల పరీక్ష ముందు రోజు. రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం. మొదట్లో ఒకటో రెండో అంది. పెన్ను కదులుతూ పోయింది. చివరి నెలల్లో గుర్తులు దగ్గరపడ్డాయి. తనే పేజీలు వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తిప్పి, ‘ఎక్కువైందక్కా’ అంది. మేం చెప్పాల్సిన అవసరం రాలేదు.

వదిలి వచ్చేశాక ప్రమాదం తీరిపోతుందని బంధువులు అనుకుంటారు. నిజానికి విడిపోయే సమయం, విడిపోయిన కొత్తల్లోనే ప్రమాదం ఎక్కువ. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2023లో ప్రపంచమంతటా భాగస్వాముల చేతుల్లోనో ఇంట్లోవాళ్ల చేతుల్లోనో చనిపోయిన ఆడవాళ్లు, ఆడపిల్లలు సుమారు 51,100 మంది, అంటే రోజుకి 140 మంది. అందుకే మొదటి నెల పనంతా బడి దారి, బస్సు టైము, కోర్టు బయట ఎవరు నిలబడాలి అన్న చిన్న చిన్న ప్లాన్లే.

ఫోన్లు

ఇప్పుడు అన్నిటికంటే టెన్షన్ పెట్టేవి ఇవే. గేటు ఎంత గట్టిదైనా, లోపలికొచ్చిన ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉంటే హింసించినవాడికి దారి చూపిస్తూనే ఉంటుంది. ఫోన్ ఒక్కటే కాదు. పిల్లాడి ట్యాబ్ నాన్న అకౌంట్‌తోనే తెరుచుకుంటుంది, ఫొటోలు వాటంతటవే ఇంటి కంప్యూటర్‌కి వెళ్లిపోతుంటాయి. బ్యాగు అంచు కుట్టులోనో బొమ్మ కడుపులోనో నాణెమంత ట్రాకర్ పెట్టి ఉండొచ్చు.

అలాగని వచ్చీ రాగానే ఫోన్ లాక్కుని అన్నీ చెరిపేయడం కుదరదు. ఆ ఫోన్‌లోనే బెదిరింపు మెసేజ్‌లున్నాయి, రేపు కోర్టులో అవే సాక్ష్యం. పైగా ఉన్నట్టుండి సిగ్నల్ ఆగిపోతే అతనికి అనుమానం వస్తుంది, ఆమె చివరిసారి కనబడిన చోటు కూడా తెలిసిపోతుంది. కాబట్టి షెల్టర్‌కి రాకముందే, వేరే చోట కూర్చుని ఆమెతో కలిసి చూస్తాం. ముందు స్క్రీన్‌షాట్లు తీసి సాక్ష్యం భద్రం చేయడం, తర్వాత ఆమెకి మాత్రమే తెలిసిన కొత్త మెయిల్, కొత్త పాస్‌వర్డ్, వీలైతే కొత్త ఫోన్. ఏది ఎప్పుడు ఆపాలన్నది ఆమె నిర్ణయం, ఎందుకంటే అతనెలా స్పందిస్తాడో మా కంటే ఆమెకే బాగా తెలుసు.

రిజిస్టర్‌లో ఏం రాయాలి

స్టాఫ్ శిక్షణలో ఒక పూటంతా దీనికే పోయింది. మా ఫైళ్లను కోర్టు తెప్పించుకోవచ్చు, పిల్లల కస్టడీ కేసులో అవతలి లాయరు చేతిలో పడొచ్చు. ‘సహకరించడం లేదు’ అని రాస్తే అది ఆమె మీద ఆయుధం. ‘ఉదయం మీటింగుకు రాలేదు, పాపకి జ్వరం’ అని రాస్తే అది జరిగిన సంగతి. మన అభిప్రాయం రాయొద్దు. అవసరం లేనిదేదీ రాయొద్దు. రాసినదాన్ని ఆమె అడిగితే చూపించాలి. ఈ చివరిది విన్నాక అందరి చేతిరాతా మెరుగుపడింది.

ఫోన్‌లో ఎవరు ఎవరి గురించి అడిగినా జవాబు ఒక్కటే: ‘ఎవరి గురించీ మేం చెప్పం.’ ఉన్నా లేకపోయినా అదే మాట, అదే గొంతుతో. తల్లినంటూ ఏడ్చినా, ఆఫీసరునంటూ గద్దించినా అంతే. యూనిఫారంలో వస్తే గుర్తింపు కార్డు చూడాలి, స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలి. హింసించేవాడే ఆ యూనిఫారంలో ఉండొచ్చు.

మగపిల్లలు, మైనర్ అమ్మాయిలు

పన్నెండు దాటిన మగపిల్లలను రానివ్వని షెల్టర్లు చాలా ఉన్నాయి. కొడుకుని వదిలి రమ్మంటే ఏ తల్లి వస్తుంది? గదులు విడివిడిగా, స్నానాల గదులకు గడియలతో ఉన్నాయి కాబట్టి వయసు పరిమితి పెట్టలేదు. మొదట వచ్చిన పెద్దబ్బాయిని చూసి ఇద్దరు ముగ్గురు బెదిరారు, అది కాదనను. వాళ్లతో, ఆ తల్లితో, అబ్బాయితో వేర్వేరుగా మాట్లాడాం. అతను సైకిళ్లు రిపేరు చేయడంలో ఘటికుడు. అక్కణ్నుంచి పని తేలికైంది.

ఒంటరిగా వచ్చే పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిల సంగతి వేరు. బలవంతపు పెళ్లి తప్పించుకునో ఇంట్లోవాళ్ల లైంగిక హింస నుంచో వస్తారు. చాలా దేశాల చట్టాల్లో బాలల సంరక్షణ అధికారులకు చెప్పడం తప్పనిసరి. అంటే ఆ అమ్మాయికి పూర్తి రహస్యం హామీ ఇవ్వలేం. ఈ మాట ఆమె నోరు విప్పకముందే చెప్పాలని నిర్ణయించాం. ‘నువ్వు చెప్పేదాంట్లో కొంత నేను ఫలానావాళ్లకి చెప్పక తప్పదు, అది విన్నాక నీకు ఎంత చెప్పాలనిపిస్తే అంత చెప్పు’ అని. కొందరు ఆగిపోతారు. నమ్మించి చెప్పించి ఆ తర్వాత అధికారిని పిలవడం కంటే అదే నయం.

దాతలు

మంచాలు, బట్టలు, బొమ్మలు అడక్కుండానే వస్తున్నాయి. రాత్రి డ్యూటీ జీతాలకు ఎవరూ ఇవ్వరు. రాత్రి ఇద్దరు ఉండి తీరాలి. ఒకరు ఆస్పత్రికి వెళ్తే ఇంకొకరు గేటు చూడాలి. ప్రారంభోత్సవం ఎప్పుడు, ఫొటో తీసుకోవచ్చా అని ఒక దాత చాలాసార్లు అడిగారు. రిబ్బన్ లేదు, ఫొటో లేదు, ఇల్లెక్కడో కూడా చెప్పలేం అన్నాం. కొంచెం నొచ్చుకున్నారు. మళ్లీ ఫోన్ చేసి ఒక జీతం ఏడాది పాటు భరిస్తామన్నారు.

బయటికి వెళ్లే దారి

యూరప్ మండలి సిఫారసు ప్రకారం ప్రతి 10,000 జనాభాకి షెల్టర్లలో ఒక కుటుంబం ఉండగల చోటు కావాలి. ఆ లెక్కన చూస్తే మా ఇల్లు ఏ మూలకీ చాలదు. గదులు పెంచడం కంటే ముందు చేయాల్సింది ఇంకొకటి కనబడుతోంది. ఖాళీ అవ్వాల్సిన గదులు ఖాళీ అవ్వడం లేదు, వాళ్లకి వెళ్లడానికి చోటు లేదు కాబట్టి. ఒంటరి ఆడదానికి అద్దెకివ్వరు, ఉద్యోగం చూపించమంటారు, మగతోడు సంతకం అడుగుతారు. తొంభై రోజుల గడువు పెట్టమని కమిటీలో ఒకరి ప్రతిపాదన. గడువు అయ్యేనాటికి ఇల్లు దొరకకపోతే ఆమె వెళ్లేది పాత ఇంటికేనని వాదించి, గడువు బదులు నెలకోసారి ఆమెతో కూర్చుని ప్లాను చూసుకోవడం అని రాయించాం.

వెనక్కి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఎందుకని నిలదీయం. ప్రమాదం వస్తే ఏం చేయాలో చెప్పే సేఫ్టీ ప్లాను కాగితం ఇంటికి తీసుకెళ్లడం ప్రమాదం కాబట్టి నోటితో కంఠతా పట్టిస్తాం, మళ్లీ రావచ్చని చెప్తాం. ఒకావిడ రెండోసారి వచ్చినప్పుడు పిల్లల సర్టిఫికెట్లన్నీ ఒక కవర్లో తెచ్చుకుంది.

రెండో దశ ఇళ్ల కోసం, అంటే షెల్టర్ నుంచి వెళ్లాక ఉండేవాటి కోసం, ఇద్దరు యజమానులతో మాటలు నడుస్తున్నాయి. చిన్న చిన్న వాటాలు, ఏడాది రెండేళ్ల అద్దె. అగ్రిమెంటు సంస్థ పేరు మీదే ఉండాలని ఒకాయన పట్టు. మేం అడుగుతున్నది ఉండబోయే ఆమె పేరు మీద, మేం హామీదారులుగా. ఆమె పేరున ఒక అద్దె కాగితం ఉంటే బ్యాంకులో, బడిలో, రేపు ఇంకో ఇల్లు వెతుక్కునేటప్పుడు అది పనికొస్తుంది. రెండో యజమాని ఒప్పుకునేలా ఉన్నారు. సోమవారం లాయరు గారు డ్రాఫ్టు పంపిస్తారు. ఈలోగా ఆ వాటాల తలుపులు చూసి రావాలి, తాళాల సంగతి యజమాని ఇంకా తేల్చలేదు.